ఈమని శంకరశాస్త్రిగారి మీటు

యమునానదికి తూర్పుగట్టున లక్ష్మీనగర్‌లో, ఉద్యోగులు కార్యాలయములనుండి ఇండ్లకు మరలు వేళ, మేడమీది గదులలోనుండి ఎలక్ట్రిక్ గిటారు ధ్వనులు వినవచ్చుచుండును. నేర్చుకొనువారు చిన్నవారు. వేగముగా వాయింపవలెనను కోరిక వారికి మెండు. వేగము రావలెనన్నచో తీగను గట్టిగా కొట్టవలెనని వారు మొదట తలంతురు. మోచేయి బిగియును, మణికట్టు నొచ్చును, స్వరములు ఒకదానిమీద నొకటి పడి గులకరాళ్లు దొర్లినట్లగును. ఇది ఒక్క గిటారునకు వచ్చిన చిక్కు కాదు. తీగను మీటి పలికించు ప్రతివాద్యమునకును ఈ చిక్కున్నది. దీనినే జీవితమంతయు పట్టించుకొని, తన వ్రేళ్లతోనే సమాధానము చెప్పిన తెలుగువారొకరు యమునకు ఆవలి గట్టున, ఆకాశవాణిలో పనిచేసిరి. ఆయనయే మహావైణికులు ఈమని శంకరశాస్త్రిగారు.

శాస్త్రిగారు 1922వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన, ద్రాక్షారామమున జన్మించిరి. పంచారామములలో నొకటియై, భీమేశ్వరస్వామి వెలసిన ఆ ఊరిని తెలుగువారికి క్రొత్తగా పరిచయము చేయ నక్కరలేదు. తండ్రిగారు ఈమని అచ్యుతరామశాస్త్రిగారు స్వయముగా వైణికులు. వారి ఇంట వీణ గోడకు చేరవేసిన అలంకారవస్తువు కాదు, నిత్యము పలుకు వస్తువు. ఆ రోజులలో గోదావరి ప్రాంతమున వీణకు గొప్ప ఆదరముండెను. పిఠాపుర సంస్థాన వైణికులు తుమరాడ సంగమేశ్వరశాస్త్రిగారి కీర్తి నలుదెసల వ్యాపించియుండెను. బొబ్బిలి, నూజివీడులలో వీణలు చేయు శిల్పులుండిరి. అట్టి గాలిలో పెరిగిన బాలునకు తండ్రియే గురువయ్యెను. చదువు వేరు, సంగీతము వేరు అను భేదము అట్టి ఇండ్లలో అంతగా ఉండదు. పిల్లవాడు మాటలతోపాటు స్వరములను నేర్చును.

వీణను దగ్గరగా చూడనివారికి రెండు మాటలు చెప్పుట మంచిది. పనసకొయ్యతో తొలిచిన కుండ, దానినుండి సాగిన దండి, దండిపై మైనములో అమర్చిన 24 మెట్లు, మెట్లమీదుగా పోవు నాలుగు తీగలు, ప్రక్కన తాళమునకు మూడు తీగలు, ఇది సరస్వతీవీణ. ఎడమచేతి వ్రేళ్లు మెట్లపై తీగను నొక్కి, ప్రక్కకు లాగి స్వరమును తీర్చును. కుడిచేతి చూపుడువ్రేలు, నడిమివ్రేలు ఒకదాని తరువాత ఒకటిగా తీగను మీటును. చిటికెనవ్రేలు తాళపుతీగలను పలికించును. చూచువారి కన్ను ఎడమచేతిమీదనే నిలుచును, ఏలయన అక్కడ గమకమున్నది, లాగుడున్నది, జారున్నది. కుడిచేయి ఏదో కూలిపని చేయుచున్నట్లు కనబడును. కాని వీణకు ప్రాణము పోయునది ఆ కుడిచేయియే. మీటు చెడినచో ఎడమచేతి పాండిత్యమంతయు వ్యర్థము.

మీటులో మర్మమేమి? తీగను మీటిన క్షణముననే నాదము పుట్టును. మరుక్షణమునుండి అది క్షీణింప నారంభించును. వేణువునకు ఊపిరి, ఫిడేలునకు కమాను నాదమును నిలిపి పోషించును. వీణకు ఆ భాగ్యము లేదు. పుట్టిన స్వరము పోవుచునే యుండును. ఇట్లుండగా వాదకునకు మొదట తోచు ఉపాయము బలముగా మీటుట. కాని బలము రెట్టింపైనంతమాత్రమున నాదము రెట్టింపు కాలము నిలువదు. మొదట పెద్దగా పలుకును, అంతే. తగ్గుట మునుపటి పాళ్లలోనే తగ్గును. పైగా గట్టిగా మీటిన తీగ విశాలముగా ఊగి బిగువెక్కును. దానివలన స్వరము ఆరంభములో కొంచెము పైకి పోయి పిమ్మట స్వస్థానమునకు దిగును. ఊపు మరీ హెచ్చైనచో తీగ మెట్లను తాకి గరగర ధ్వని వినవచ్చును. శ్రుతిశుద్ధమైన చెవికి ఇవన్నియు బాధాకరములు. చౌకకాలమున వీనిని కొంత కప్పిపుచ్చవచ్చును గాని ద్రుతకాలమున తప్పించుకొన వీలులేదు. తీగలోనికి ఎంత లోతుగా వ్రేలు దిగునో అంత దూరము తిరిగి పైకి రావలెను. ఆ దూరమే కాలమును తినివేయును. కనుక వేగమునకు కావలసినది కండబలము కాదు, వ్రేలి ప్రయాణము తగ్గుట.

శంకరశాస్త్రిగారి ధ్వనిముద్రికలను శ్రద్ధగా విన్నవారికి ఈ సంగతి స్పష్టమగును. ఆయన మీటు మెత్తనిది, కాని బలహీనమైనది కాదు. ఒక్క మీటు మీటి, ఆ నాదము పూర్తిగా అణగకముందే ఎడమచేతితో దానిని నాలుగైదు స్వరములగుండ నడిపించి, గాయకుడు ఒక్క ఊపిరిలో పాడినట్లు వాక్యమును పూర్తిచేయుదురు. రెండవ మీటు ఎక్కడ పడునో వినువానికి తెలియనంత నైపుణ్యముతో పడును. కృతిని వాయించునప్పుడు సాహిత్యాక్షరమున్న చోట మీటు వేయవలెనను నియమము వైణికులలో ఉన్నది. అక్షరమునకు అక్షరమునకు నడుమ నున్న స్వరములను గమకముతోనే తీర్చవలెను. శాస్త్రిగారు ఈ నియమమును ద్రుతకాలమునకు కూడ వర్తింపజేసిరి. చెవికి పది స్వరములు జలజల వినబడును, కాని కుడిచేయి మీటినది నాలుగో ఐదో మాత్రమే. మిగిలినవి ఎడమచేతి దానము. వేగమనగా మీటుల సంఖ్య అని తలంచువారికి ఇదొక కనువిప్పు.

తానము వాయించునపుడు మాత్రము ఈ పొదుపు పనికిరాదు. తానము వీణకు సహజమైన అంగము. గాయకులు వీణను చూచియే తానమును పాడిరేమో అనిపించునంతగా అది ఈ వాద్యమునకు తగును. అక్కడ ప్రతి మీటునకు ప్రాధాన్యమున్నది. తాళపుతీగలు నడుమనడుమ మ్రోగుచు, ప్రధానతీగలపై మీటులు గుఱ్ఱపు డెక్కలవలె పడుచుండవలెను. శాస్త్రిగారి తానములో మీటులు దట్టములగును గాని బరువెక్కవు. బలమును ఒక్కొక్క మీటునకు సమముగా పంచక, లయకు పట్టైన చోట కొంచెము ఒత్తి, తక్కిన చోట్ల తేల్చి విడుచుటచే వాని వేగము విసుగు పుట్టింపదు. అన్ని మీటులును సమానముగా గట్టిగా పడినచో అది యంత్రము చప్పుడు. ఈ హెచ్చుతగ్గులే మాటలోని ఊనికవంటివి.

యౌవనమున శాస్త్రిగారు మదరాసు చేరి జెమినీ స్టూడియో సంగీతశాఖలో పనిచేసిరి. సాలూరు రాజేశ్వరరావుగారివంటి సంగీతదర్శకుల సాహచర్యము అక్కడ లభించెను. వాసన్‌గారి ఆ సంస్థ తీసిన హిందీ చిత్రములు సంసార్ (1951), మిస్టర్ సంపత్ (1952) మొదలైనవానికి సంగీతమును కూర్చినవారిలో ఆయన ఒకరు. సంప్రదాయ వైణికునకు సినిమాలతో పనియేమని నొసలు ముడుచువారు ఏ కాలమందును ఉందురు. కాని ఆ పని ఆయనకు ఒక మేలు చేసినదని చెప్పక తప్పదు. ఆ రోజులలో వాద్యములన్నియు ఒకే గదిలో చేరి, కొద్ది మైక్రోఫోనుల ఎదుట ఒక్కసారిగా వాయింపవలసియుండెను. సభలో చివరివరుసకు వినబడుటకై గట్టిగా మీటు అలవాటున్నవాడు మైక్రోఫోను ఎదుట కూర్చున్నచో మీటు చప్పుడే నాదమును మ్రింగివేయును. గోరు తీగను తాకిన ధ్వని, తీగ మెట్టును తాకిన ధ్వని, వ్రేలు తీగపై రాచుకొనిన ధ్వని, అన్నియు ఆ యంత్రము నిర్దాక్షిణ్యముగా పట్టును. మైక్రోఫోను ఎదుట జీవించిన వైణికునకు మీటును శుద్ధిచేసికొనుట తప్పనిసరియగును.

ఇంతకుముందు మదరాసులో వీణ ధనమ్మాళ్ (1867–1938) శుక్రవారపు సాయంకాలములలో తన ఇంట కొద్దిమంది రసికుల ఎదుట వాయించెడివారు. సూదిపడిన వినబడునంత నిశ్శబ్దములో ఆమె సున్నితమైన మీటు రాణించెను. కచేరీలు పెద్ద సభామందిరములకు ఎక్కిన పిమ్మట ఆ సున్నితత్వము నిలుచుట కష్టమయ్యెను. ఫిడేలు, మృదంగములనడుమ వీణ వినబడవలెనన్న మీటు గట్టిపడవలెను. గట్టిపడినచో మాధుర్యము తగ్గును. శాస్త్రిగారి తరము వైణికులకు ఈ ధర్మసంకటము వచ్చెను. దానినుండి వారిని కొంతవరకు తప్పించినది మైక్రోఫోనే. ధ్వనిని పెంచు భారమును విద్యుత్తు వహించినది గనుక, వ్రేలు తిరిగి ధనమ్మాళ్ కాలపు మెత్తదనమునకు మరలవచ్చును. మైక్రోఫోను ఉన్నను పాతయలవాటుచొప్పున బాదువారు లేకపోలేదు. శాస్త్రిగారు ఆ అవకాశమును గుర్తించి వాడుకొనినవారిలో ముఖ్యులు.

పిమ్మట ఆయన ఆకాశవాణిలో ప్రవేశించిరి. మొదట మదరాసు, తరువాత ఢిల్లీ. ఢిల్లీలో ఆయన నిర్వహించినది ఆకాశవాణి జాతీయ వాద్యబృందము. 1952లో ఏర్పడిన ఈ వాద్యబృందమునకు తొలుత పండిత రవిశంకర్, టి. కె. జయరామయ్యర్ నాయకత్వము వహించిరి. హిందుస్తానీ, కర్ణాటక వాద్యములు రెండును ఒక్కచోట కూర్చుండి వాయించు ఆ బృందమును నడుపుట సులభమైన పని కాదు. సితారు, సరోదు, వీణ ఒకవైపు. సారంగి, ఫిడేలు, వేణువు మరియొకవైపు. మొదటి జాతి మీటిన వెంటనే తగ్గు నాదము, రెండవజాతి నిలుచు నాదము. వీనిని కలుపుటలో మీటు సంగతి మరల ముందుకు వచ్చును. పదిమంది ఒకే స్వరమును వేగముగా మీటునపుడు, ఒక్కరు వెండ్రుకవాసి ముందు వెనుకలైనను శ్రోతకు ఒక స్వరమునకు బదులు చిల్లరచప్పుడు వినబడును. గట్టిగా మీటువారున్న కొలది ఈ దోషము పెద్దదై కనబడును. ఈ చిక్కులన్నియు తన సొంత వ్రేళ్లపై అనుభవించినవాడు నిర్వాహకుడగుట బృందమునకు లాభమే. ఆయన కల్పనలలో ఆదర్శ శిఖరారోహణము, స్వరతరంగిణి, భ్రమరవిన్యాసము పేర్కొనదగినవి. చివరిదాని పేరును గూర్చి ఒక్కమాట. తుమ్మెద ఝంకారము తెగనిది, మీటునాదమో పుట్టిన క్షణమునుండి అణగునది. మీటువాద్యమునే నమ్మిన విద్వాంసుడు తుమ్మెదను ఎన్నుకొనుట సాహసము గాక మరేమి?

ఢిల్లీ వాసము మరియొక పరీక్షను తెచ్చినది. హిందుస్తానీ విద్వాంసులతో జుగల్బందీ కచేరీలు జరుగుచుండెను. శాస్త్రిగారు సితారు మొదలైన వాద్యముల విద్వాంసులతో కూర్చుండి వాయించిరి. సితారువాదకుని చూపుడువ్రేలికి ఇనుపతీగతో చేసిన మిజ్రాబు ఉండును. దానితో తీగను లోపలికి, వెలుపలికి రెండువైపుల కొట్టవచ్చును. ఝాలా వాయించు ఘట్టమున ఆ లోహపు దెబ్బల వేగము సభను ఉఱ్ఱూతలూపును. దాని ప్రక్కన వట్టి వ్రేళ్లతో, పైనుండి క్రిందికి మాత్రమే మీటు వీణ చిన్నబోవునేమోయని వైణికునకు భయము కలుగుట సహజము. అప్పుడు బలమునకు బలముతో బదులు చెప్పదలచినచో వీణ ఓడును. ఏలయన ఆ ఆయుధములు సితారువి. శాస్త్రిగారు తమ వాద్యమునకు సహజమైన త్రోవలోనే నడిచిరి. రాగాలాపనలో నాదమును లాగి చూపుట, తానములో లయను త్రిప్పుట, ద్రుతములో ఒక్క మీటుపై స్వరములను దొంతరగా పేర్చుట, ఇవియే ఆయన సమాధానము. ఇంకొకమాట. ఆయన వాద్యబృందములో దినదినము సితారు, సరోదు వాద్యకారులతోనే పనిచేయువాడు. అవతలివాని చేతిలోని మిజ్రాబు ఏమి చేయగలదో, ఏమి చేయలేదో ఆయనకు తెలిసినంతగా దక్షిణాది వైణికులలో మరెవరికి తెలియును?

సినిమాప్రియులకు శాస్త్రిగారి వీణ మరియొక విధముగా పరిచయము. 1961లో విడుదలయిన సీతారామకల్యాణము చిత్రములో, నందమూరి తారకరామారావుగారు ధరించిన రావణపాత్ర కైలాసమువద్ద శివుని ప్రసన్నుని చేసికొనుటకై తన నరములనే తీగలుగా మీటు ఘట్టమున్నది. తెరమీద వ్రేళ్లు రామారావుగారివి, వినబడు వీణ శాస్త్రిగారిది. ఆ ఘట్టమున భక్తి, అహంకారము, ఆవేదన మూడును పలుకవలెను. రావణుడు గదా అని రాక్షసబలముతో బాదినచో మూడును చెడెడివి. ఆ చిత్రమును చూచినవారిలో చాలమందికి వాదకుని పేరు తెలియదు. వీణ వినినది మాత్రము తెలుగుదేశమంతయు.

శిష్యులలో ప్రసిద్ధుడు చిట్టిబాబు. 1936లో కాకినాడలో జన్మించిన చిట్టిబాబుగారు బాల్యముననే వీణ పట్టి, పిదప మదరాసులో శంకరశాస్త్రిగారి శిక్షణలో తీరినవారు. గురుశిష్యుల బాణీ ఒకటే యైనను స్వభావములు వేరు. శిష్యుని మీటు మెరుపువంటిది, సభను వెంటనే ఆకర్షించునది. కోయిల కూతను వీణపై వినిపించి పామరులను సైతము ఆనందపరచినవారాయన. గురువుగారిది లోపలికి తిరిగిన ధోరణి. వీరిలో ఎవరు గొప్ప అను వాదము వీణాభిమానులలో నేటికిని నడచుచున్నది. శిష్యుని వేగములో ఆ స్పష్టత ఎక్కడినుండి వచ్చినదో తెలియవలెనన్న గురువుగారి చౌకకాలపు ఆలాపన వినవలెను. ఆలాపనలో ఒక్కొక్క మీటును తూచి వేయుట నేర్చిన వ్రేలే ద్రుతములో తడబడకుండును. వేగమును వేగముగా అభ్యసించి సాధించినవారు అరుదు.

ప్రభుత్వోద్యోగము కళాకారునకు మేలా కీడా అను ప్రశ్న ఈ సంచిక చదువువారికి క్రొత్తది కాదు. నెలజీతము నిశ్చింతనిచ్చును. వాద్యబృందమువంటి సాధనము ఏ జమీందారు కొలువునను ఆయనకు దొరకెడిది కాదు. మరియొక వైపు, దినమంతయు ఇతరులచే వాయింపజేయు పనిలో గడిపినవానికి తన వీణతో ఏకాంతము ఎంత మిగులును? మదరాసు సంగీతసభల నడుమ ఉండినచో ఆయన పేరు మరింత మ్రోగియుండెడిదని కొందరందురు. అది కావచ్చును. కాని మదరాసులోనే ఉండినచో మిజ్రాబు ప్రక్కన వ్రేలిని నిలిపి చూచుకొను అవకాశము అంతగా కలిగెడిది కాదు. కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము, పద్మశ్రీ గౌరవము 1970వ దశకమున ఆయనకు లభించినవి.

1987వ సంవత్సరము డిసెంబరు 23వ తేదీన శంకరశాస్త్రిగారు పరమపదించిరి. వయస్సు 65. శిష్యుడు చిట్టిబాబు ఆ తరువాత తొమ్మిదేండ్లైనను నిండకుండ, 1996 ఫిబ్రవరిలో కన్నుమూసిరి.

శాస్త్రిగారి చివరి సంవత్సరములలోనే, గోదావరికి పడమటి వైపున పాలకొల్లులో 1969లో పుట్టిన ఒక బాలుడు ఎలక్ట్రిక్ మాండొలిన్‌తో దేశవిదేశముల సంచలనము కలిగించుచుండెను. ఉప్పలపు శ్రీనివాస్ 1978లో గుడివాడలో తొలికచేరీ చేసినపుడు ఆయనకు తొమ్మిదేండ్లు. పాశ్చాత్య మాండొలిన్‌లో తీగలు జంటజంటలుగా ఉండును. నాదము వెంటనే తెగును, గమకమునకు తీగ లొంగదు. శ్రీనివాస్ జంటలను తీసివేసి, ఐదు ఒంటితీగలను అమర్చి, విద్యుత్తును జోడించిరి. తీగ క్రింద నున్న పికప్పు చిన్న కదలికను కూడ పట్టి ఆంప్లిఫయరునకు పంపును. కనుక చేతి పిక్కు తీగను తాకీతాకనట్లు తాకిన చాలును. శ్రీనివాస్ అమితవేగముతో వాయించునపుడు సైతము కుడిచేయి దాదాపు కదలనట్లే కనబడుటకు కారణమిదియే. 2014లో ఆయనయు అకాలమరణము పొందిరి.

లక్ష్మీనగర్ మేడలమీద గిటారు సాధనచేయు పిల్లల వాద్యమునకును పికప్పు, ఆంప్లిఫయరు ఉన్నవి. దానికి సాధారణముగా సన్నని తీగలు తొడుగుదురు గనుక, గట్టిగా కొట్టిన శ్రుతి పైకి పోవుట వీణలోకంటె త్వరగా తెలియును. పిక్కు కొన మాత్రమే తీగను దాటునట్లు పట్టుకొని, ఆంప్లిఫయరును ఒక గుర్తు హెచ్చించి, చేతిని ఒక గుర్తు తగ్గించి, మొదట నెమ్మదిగా, ప్రతిస్వరము విడివిడిగా వినబడునట్లు వాయించిచూచిన తేడా వారికే తెలియును. ఆ పూట సాధన ముగిసిన తరువాత శంకరశాస్త్రిగారి తానము ఒకటి వినిపించినచో, వారు మొదట అడుగు ప్రశ్న ఆయన ఏ పిక్కు వాడెడివారని.